పుట్టుబుద్ధి – పూటబుద్ధి



పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని సామెత. మా సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో సాయంత్రం పూట పార్కు బెంచీ మీద నలుగురు పెద్దవాళ్లు చేరితే ఈ మాట ఒక్కసారైనా దొర్లుతుంది. మనవడి మొండితనం మీదైనా, వీధి చివరి కుక్క మీదైనా అందరి తీర్పూ అదే. ఇదే మాటను కుర్రవాళ్లు కాస్త ఇంగ్లీషు కలిపి, “అది వాడి జీన్స్‌లోనే ఉందండీ” అంటున్నారు. మాట మారింది గానీ అర్థం మారలేదు: బుద్ధి పుట్టుకతోనే రాసిపెట్టి ఉంటుంది, ఇక మనం చేసేదేమీ లేదు.

ఇందులో నిజమెంత? గత 50 ఏళ్లలో శాస్త్రజ్ఞులు జంతువుల మెదళ్లలోకి తొంగిచూసి, ఏ జన్యువు ఎప్పుడు పనిలోకి దిగుతోందో, ఎప్పుడు మానుతోందో గమనించారు. ఈ సామెతను ఇవాళ వాళ్ల లెక్కలతో సరిచూద్దాం. సాక్షుల కోసం దూరం పోనక్కర్లేదు. అపార్ట్‌మెంటు సజ్జా కింద పట్టు పెట్టిన తేనెటీగలు, పండ్ల బండి మీద ముసిరే బుల్లి ఈగలు, పొద్దుగూకగానే కిటికీలు మూయించే దోమలు, ఎండాకాలం తెల్లవారకముందే నిద్ర లేపే కోకిల. అన్నీ మన పేటలో ఉన్నవే.

ముందు ఒక సంగతి. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉన్న డీఎన్ఏ ఒక్కటే. కంటి కణంలో ఉన్న జన్యువులే కాలేయంలోనూ ఉన్నాయి, మెదడులోనూ ఉన్నాయి. అయినా కన్ను కన్నే, కాలేయం కాలేయమే. ఎందుకంటే ఏ కణంలోనూ జన్యువులన్నీ ఒకేసారి పనిచేయవు. జన్యువు పనిచేయడమంటే దాని నకలు ఆర్ఎన్ఏ రూపంలో తయారవడం, ఆ నకలు ప్రకారం కణం ఒక ప్రోటీన్‌ను తయారుచేసుకోవడం. మన వంటింట్లో పోపుల పెట్టె ఉంది. చారు పెట్టినా, పులిహోర కలిపినా, పచ్చడి నూరినా దినుసులు ఆ పెట్టెలోవే. ఏది వేశాం, ఎంత వేశాం, దేని తర్వాత దేన్ని వేశాం అన్నదాన్ని బట్టి వంటకం మారుతుంది. జన్యువుల సంగతీ అంతే.

ఇక మెదడు. ఒక నాడీకణం నుంచి మరో నాడీకణానికి కబురు సెకనులో వెయ్యో వంతు కాలంలో చేరిపోతుంది. జన్యువు పనిలోకి దిగి ప్రోటీన్ తయారు కావడానికి మాత్రం నిమిషాలు, గంటలు పడతాయి. కాబట్టి తేనెటీగ రెక్క ఆడించడం జన్యువు చేయించే పని కాదు. ఇవాళ గూట్లో ఉండాలా, బయటికి పోవాలా అన్న మొగ్గు మాత్రం చాలావరకు జన్యువుల పనే. జన్యువు మెదడును సిద్ధం చేసి పెడుతుంది. ఎదురైనదాన్ని బట్టి మెదడు పని చేస్తుంది. ఈ తేడా గుర్తుంటే మిగతాదంతా సులువు.

మొదటి సాక్షి తేనెటీగ. పట్టులో వేల సంఖ్యలో కనిపించేవి కూలీ ఈగలు. అన్నీ ఆడవే. పని రోజుల్లో వాటి ఆయుష్షు సుమారు 5, 6 వారాలు. మొదటి రెండు మూడు వారాలు ఇల్లు కదలవు. గదులు శుభ్రం చేయడం, పిల్ల పురుగులకు మేత పెట్టడం, మైనంతో గూడు కట్టడం వాటి పని. ఇలా పిల్లల్ని సాకే వాటిని దాది ఈగలు అందాం. ఆ తర్వాత అవే ఈగలు గూడు దాటి, పువ్వు పువ్వూ తిరిగి మకరందం, పుప్పొడి మోసుకొస్తాయి. ఇవి సేకరణ ఈగలు. నిన్నటిదాకా చీకటి గూడు వదలని ఈగ ఇవాళ కిలోమీటర్ల దూరం ఎగిరి, దారి గుర్తుపెట్టుకుని తిరిగొస్తుంది. దాని ఒంట్లో డీఎన్ఏ అక్షరం కూడా మారలేదు. మరి బుద్ధి ఎలా మారింది?

అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జీన్ రాబిన్సన్ బృందం దీన్ని పట్టుకుంది. గదిలోకి తల దూర్చి పిల్ల పురుగుకు మేత పెడుతున్న ఈగను పట్టుకుంటే అది దాది. కాళ్లకు పుప్పొడి ముద్దలతో గూటి వాకిట్లో వాలితే అది సేకరణ ఈగ. పట్టుకున్న మరుక్షణం దాన్ని గడ్డకట్టిస్తారు. అలా చేస్తే ఆ ఘడియలో మెదడులో ఉన్న ఆర్ఎన్ఏ నకళ్లు చెదరకుండా ఉంటాయి. తర్వాత తల విప్పి మెదడు తీస్తారు. ఆ మెదడు ఒక ఘన మిల్లీమీటరు ఉంటుంది. అంతలోనే దాదాపు 10 లక్షల నాడీకణాలు. ఒక్కో మెదడులో ఏ జన్యువు నకళ్లు ఎన్ని ఉన్నాయో లెక్క కడతారు. 2003లో వాళ్లు సుమారు 5,500 జన్యువులను ఇలా చూస్తే, వాటిలో 39 శాతం జన్యువుల పనితీరు దాదుల్లో ఒకలా, సేకరణ ఈగల్లో మరోలా ఉంది. 60 ఈగల మెదళ్ల లెక్కలు మాత్రమే చూసి, ఏది దాదో ఏది సేకరణ ఈగో చెప్పమంటే, 57 ఈగల విషయంలో జవాబు సరిపోయింది.

సేకరణ ఈగలు వయసులో పెద్దవి కదా, తేడా వయసు వల్ల వచ్చిందేమో అని మీకు అనుమానం రావచ్చు. వాళ్లకూ వచ్చింది. అందుకని ఒకే ఈడు ఈగలతో కొత్త పట్టు పెట్టించారు. పెద్దలు లేని ఇంట్లో పిల్లలే బరువు ఎత్తుకున్నట్టు, వాటిలో కొన్ని వారం పది రోజులకే సేకరణకు బయల్దేరాయి. చూస్తే, మెదడులోని జన్యువులు ఎక్కువగా చేస్తున్న పనినే అనుసరించాయి, వయసును కాదు. 2012లో మరో బృందం ఇంకో అడుగు ముందుకేసింది. సేకరణ ఈగలు మేతకు వెళ్లినప్పుడు గూట్లోని దాదులన్నిటినీ తీసేశారు. తిరిగొచ్చిన వాటిలో కొన్ని సేకరణ మానేసి మళ్లీ పిల్లల్ని సాకడం మొదలుపెట్టాయి. డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు చేరుతుంటాయి. ఏ జన్యువు ఎంత పనిచేయాలో నిర్ణయించడంలో వాటికీ పాత్ర ఉంది. దాది పనికి తిరిగొచ్చిన ఈగల మెదడులో ఆ గుర్తులు చాలా చోట్ల మళ్లీ దాది మెదడులో ఉన్నట్టే మారాయి. అంటే ఇంట్లో అవసరం మారితే మెదడులో జన్యువుల పనీ మారింది, బుద్ధీ మారింది. పుడకల దాకా ఆగలేదు.

సామెత ఓడిపోయినట్టేనా? తొందరపడకండి. రెండో సాక్షిని విందాం.

పండిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగ పేరు డ్రోసోఫిలా. వందేళ్లకు పైగా జన్యుశాస్త్రంలో ఎంతో పని దీని మీదే జరిగింది. 1980లో కెనడా శాస్త్రవేత్త మార్లా సోకోలోవ్‌స్కీ ఈ ఈగ పిల్ల పురుగుల్లో రెండు రకాలు చూసింది. మేత మీద వదిలితే కొన్ని తిరుగుతూ తింటాయి, కొన్ని ఉన్నచోటే కూర్చుని తింటాయి. తిరుగుబోతులు, కూర్చునేవి అనుకుందాం. ఈ గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది. తేడా ప్రధానంగా ఒకే జన్యువులో ఉందనీ, ఆ జన్యువు కణంలో ఒక ఎంజైమును తయారు చేస్తుందనీ 1997లో తేలింది. తిరుగుబోతుల్లో ఆ ఎంజైము చురుకు ఎక్కువ, కూర్చునే వాటిలో తక్కువ. ఇక్కడ సామెత గెలిచింది. తిరుగుబోతు పురుగు తిరుగుబోతుగానే పుట్టింది.

అసలు ముచ్చట దీని తర్వాతిది. 2002లో ఇల్లినాయ్ వాళ్లు ఇదే జన్యువు తేనెటీగ మెదడులో ఎలా ఉందో చూశారు. దాది మెదడులో తక్కువగా పనిచేస్తోంది, సేకరణ ఈగ మెదడులో ఎక్కువగా పనిచేస్తోంది. ఆ ఎంజైమును చురుకుపరిచే రసాయనాన్ని చిన్న వయసు ఈగలకు తినిపిస్తే, అవి ఈడు రాకముందే బయటికి మేతకు పోయాయి. ఒకే జన్యువు. పండ్ల ఈగలో అది పుట్టుబుద్ధి, ఎవరికి ఏది వస్తే అదే. తేనెటీగలో అదే జన్యువు వయసును బట్టి, ఇంటి అవసరాన్ని బట్టి పెరిగే తరిగే పూటబుద్ధి. ప్రకృతి ఒకే పనిముట్టును రెండు విధాలా వాడుకుంది.

జన్యువు ఎప్పుడు పనిలోకి దిగాలో ఎవరు చెబుతారు? ఈ ప్రశ్న మీద మన ఊళ్లోనే పని జరిగింది. మారేడ్‌పల్లి నుంచి తార్నాక దాటి హబ్సిగూడ వెళితే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వస్తుంది. పుష్ప మిత్ర భార్గవ వ్యవస్థాపక సంచాలకుడుగా 1977లో మొదలైన సంస్థ. అక్కడ రాకేశ్ మిశ్రా బృందం ఈ పండ్ల ఈగలోనే ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. ఒక జన్యువును పనిలోకి దింపే సంకేతం పక్క జన్యువు దాకా పాకకుండా అడ్డుకునే డీఎన్ఏ హద్దులు ఉంటాయి. వాటి గురించి వాళ్లు చాలా సంగతులు తేల్చారు. వాళ్లు చూసింది ప్రవర్తనను కాదు, శరీరం తల నుంచి తోక దాకా సరైన వరుసలో ఏర్పడటాన్ని. కానీ జన్యువును ఆపే, నడిపే ఈ ఏర్పాట్లు శరీరం కట్టడానికైనా, మెదడు నడవడానికైనా అవసరమే.

ఇప్పుడు దోమ. సికింద్రాబాద్‌లో దోమ మాట ఎత్తితే రోనాల్డ్ రాస్‌ను తలచుకోకుండా ఉండలేం. మనకు దగ్గర్లోనే బేగంపేటలో, 1897 ఆగస్టు 20న, దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని ఆయన కళ్లారా చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగి చేత దోమలకు రక్తం తాగించి, కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చాడు. ఆ పనికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మలేరియా మోసేది దోమ అని రాస్ చూపించాడు. ఆ దోమ ఎప్పుడు కుడుతుంది, ఎవరిని కుడుతుంది అన్న ప్రశ్నలు తర్వాతి తరాల వంతుకు మిగిలాయి.

ఎప్పుడు అన్నదాన్ని చూద్దాం. మలేరియా మోసే అనాఫిలిస్ రాత్రి కుడుతుంది. డెంగీ మోసే ఏడిస్ పగలు, ముఖ్యంగా పొద్దునా సాయంత్రమూ కుడుతుంది. మురుగునీట్లో పెరిగి మన చెవి దగ్గర గుయ్యిమనే క్యూలెక్స్‌ది రాత్రి డ్యూటీ. ఈ వేళలు కాపాడే గడియారం వాటి మెదడులోనే ఉంది. ఆ గడియారం జాడ కూడా పండ్ల ఈగలోనే దొరికింది. 1971లో రొనాల్డ్ కొనోప్కా, సీమోర్ బెంజర్ వింత ఈగల్ని చూశారు. కొన్నిటి రోజు 19 గంటలు, కొన్నిటిది 28 గంటలు, కొన్నిటికి వేళాపాళా లేదు. మూడు రకాల్లోనూ తేడా ఒకే జన్యువులో ఉంది. దానికి పీరియడ్ అని పేరు పెట్టారు. ఆ జన్యువు పనిచేస్తే ప్రోటీన్ తయారవుతుంది. రాత్రి అది పేరుకుని, కణకేంద్రంలోకి వెళ్లి, తనను తయారు చేసిన జన్యువునే ఆపేస్తుంది. ప్రోటీన్ అరిగిపోయాక జన్యువు మళ్లీ మొదలవుతుంది. ఈ చక్రం తిరగడానికి దాదాపు 24 గంటలు. దీన్ని విడమరిచినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ ఇచ్చారు. దోమ మెదడులోనూ ఇదే జాతి గడియారం ఉంది.

ఎవరిని అన్న ప్రశ్నకు జవాబు కెన్యా తీరంలోని రబాయ్ అనే చోట దొరికింది. అక్కడ ఏడిస్ దోమలు రెండు రకాలు. అడవిలో ఉండేవి జంతువుల రక్తం కోరతాయి, ఇళ్లలో కుండ నీళ్లలో పెరిగేవి మనుషుల కోసం వస్తాయి. 2014లో వాటి మీసాల్లోని జన్యువులను పోల్చి చూస్తే, మనిషి వాసనలో ఎక్కువగా ఉండే ఒక పదార్థాన్ని పసిగట్టే జన్యువు ఇంటి దోమలో బాగా ఎక్కువ పనిచేస్తోంది. మనం నీళ్లు దాచుకోవడం మొదలుపెట్టాక దోమ ముక్కు మన వైపు తిరిగిందని శాస్త్రజ్ఞుల ఊహ. మీ ఇంట్లో కూలర్ నీళ్లు వారానికోసారి పారబోయమని మునిసిపాలిటీ వాళ్లు అడుగుతారు కదా, ఆ దోమ మన గుమ్మం దాకా వచ్చిన దారే అది.

నాలుగో సాక్షి కోకిల. ఎండాకాలం మొదలయ్యేసరికి మగ కోకిల గొంతు విప్పుతుంది. ఋతువు మారిందని దానికి చెప్పింది ఎవరు? పక్షుల మెదడు లోలోతుల్లోనే వెలుతురును పసిగట్టే కణాలు ఉంటాయి. పుర్రె దాటి లోపలికి చేరే కాస్త వెలుగు వాటికి చాలు. ఇది కోకిలలో కాదు గానీ, కౌజుపిట్ట జాతికి చెందిన జపాన్ పిట్టలో వివరంగా తేలింది. పగలు పొడుగయ్యాక మొదటి రోజున, తెల్లవారిన సుమారు 14 గంటలకు మెదడు అడుగున ఒక హార్మోన్ జన్యువు లేస్తుంది. మరో 4 గంటలకు పక్కనే ఇంకో జన్యువు లేచి థైరాయిడ్ హార్మోన్‌ను చురుకుపరుస్తుంది. అక్కడి నుంచి వరసగా జత కూడే హార్మోన్లు, పాట, గూడు. హైదరాబాదులో పగటి నిడివి డిసెంబరులో సుమారు 11 గంటలు, జూన్‌లో 13 గంటలు. రెండు గంటల తేడా పక్షికి సరిపోతుందా అనకండి. పనామా అడవుల్లో ఒక పిట్ట 17 నిమిషాల తేడాకే స్పందించింది.

పక్షి మెదడులో పాట వినగానే లేచే జన్యువు కూడా ఒకటుంది. 1992లో చేసిన పరీక్షలో, తమ జాతి పాట వినిపిస్తే జీబ్రా ఫించ్ పిట్టల మెదడులో ఆ జన్యువు గట్టిగా పనిచేసింది. తర్వాతి పరీక్షల్లో అదే పాట పదేపదే వేస్తే ఇక పట్టించుకోలేదు. కొత్త పాట వేయగానే మళ్లీ లేచింది. అంటే జన్యువు ప్రవర్తనను నడపడం ఒక్కటే కాదు, చెవిన పడ్డది జన్యువును నడపడం కూడా ఉంది. దారి రెండు వైపులా ఉంది.

ఇక చివరి సాక్షి ఎలుక. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ మీనీ బృందం తల్లి ఎలుకల్ని చూసింది. కొన్ని తల్లులు పిల్లల్ని తరచూ నాకి సముదాయిస్తాయి, కొన్ని అంతగా పట్టించుకోవు. ముద్దుగా పెరిగిన పిల్లలకు పెద్దయ్యాక బెదురు తక్కువ, గాభరా త్వరగా తగ్గుతుంది. పిల్లల్ని పుట్టగానే మార్చి పెంచినా, కన్నతల్లిని కాక పెంచిన తల్లిని బట్టే గుణం వచ్చింది. 2004లో కారణం చూపించారు. గాభరాను చల్లార్చే వ్యవస్థకు అవసరమైన ఒక జన్యువు మీద, తల్లి ఆదరణ లేని పిల్లల మెదడులో మిథైల్ గుర్తులు ఎక్కువ. ఆ జన్యువు తక్కువ పనిచేస్తోంది. తల్లి నాలుక బిడ్డ మెదడులో జన్యువు దాకా చేరిందన్నమాట. ఇది ఎలుకల్లో చూసిన సంగతి. పెంపకంలో లోపాలు వెతకడానికి తల్లుల మీదికి దీన్ని ఎత్తుకుపోకండి. మనుషుల్లో లెక్క ఇంత సూటిగా ఉండదు.

ఇన్ని సాక్ష్యాల్నీ ఒక్కచోట కలిపే పరిశోధన మరొకటి ఉంది, మళ్లీ తేనెటీగల మీదే. ఈగ కుట్టినప్పుడు ఒక వాసన వదులుతుంది. మనకు అరటిపండు వాసనలా తగిలే ఆ వాసన మిగతా ఈగల్ని రెచ్చగొడుతుంది. 2009లో రాబిన్సన్ బృందం మూడు పోలికలు చేసింది: ఆ వాసన తగిలిన ఈగలు, తగలనివి. ముసలివి, చిన్నవి. ఆఫ్రికా రక్తం కలిసిన కోపిష్టి జాతి, నెమ్మది జాతి. రెచ్చిన ఈగలో పనితీరు మారిన జన్యువుల్లో, కాకతాళీయంగా కలిసేదానికన్నా ఎక్కువే, ముసలి ఈగలోనూ, కోపిష్టి జాతిలోనూ మారాయి. పుట్టుకతో వచ్చిన కోపం, వయసుతో వచ్చిన కోపం, ఆ పూట రెచ్చగొడితే వచ్చిన కోపం, మూడూ మెదడులో కొంతవరకు ఒకే జన్యువుల మీదుగా నడిచాయి.

అందుకే మీ మేడ మీద పెద్ద తేనెపట్టు కనబడితే రాయి విసరకండి, పొగ పెట్టకండి. ఒక్క ఈగ కుడితే చాలు, ఆ వాసనతో మిగతావన్నీ రెచ్చిపోతాయి. తెలిసినవాళ్లను పిలవండి. లేదంటే ఓపిక పట్టండి. పువ్వుల కాలం ముగిశాక ఆ పెద్ద ఈగలు వాటంతటవే వలస పోతాయి.

మరి సామెత సంగతి? సగం నిజం. పుట్టుకతో వచ్చేది జన్యువు. దాన్ని పనిలోకి దింపేది వేళ, మేత, తోడు, పోరు, ఆదరణ. “కోపానికి జన్యువు దొరికింది”, “తెలివికి జన్యువు దొరికింది” అని పేపర్లో మీకు వార్త కనబడితే మూడు ప్రశ్నలు వేయండి. ఆ జన్యువు మెదడులో ఏ చోట పనిచేస్తోంది? ఎప్పుడు పనిచేస్తోంది? దాన్ని లేపింది ఏమిటి? ఈ మూడింటికి జవాబు లేకుండా ఎవరి బుద్ధినైనా జన్యువుల ఖాతాలో రాసేయడం తొందరపాటే. ముఖ్యంగా చిన్నపిల్లల విషయంలో. పదేళ్ల కుర్రాడి మొండితనం మీద పార్కు బెంచీ తీర్పు ఇచ్చేముందు, సేకరణ మాని దాది పనికి తిరిగొచ్చిన ఆ ఈగల్ని ఒక్కసారి లెక్కలోకి తీసుకోండి.